తోడు ఉంటే తొలి అడుగు సులువు



పరీక్షా ఫలితాలు వచ్చిన రోజుల్లో మన విచారణల్లోని ఎన్నో ఇండ్లలో ఒకే చర్చ. అమ్మాయి కంప్యూటర్ చదువు చదువుతానంటుంది. తండ్రి ఆలోచనలో పడతాడు. బోధన్ నుండి నిజామాబాద్‌కు రోజూ బస్సులో ఒంటరిగా పోవాలి. క్లాసులో అందరూ మగపిల్లలే ఉంటే ఎట్లా? ఆ ప్రోగ్రామింగ్ మన పిల్లకు వస్తుందా? ఆ తండ్రి కోసం, ఆ అమ్మాయి కోసం ఈ వారం ఒక తెలుగు ఆడపడుచు జీవితం చెబుతాము.

ఆమె పేరు అయ్యలసోమయాజుల లలిత. 1919లో మద్రాసులో పుట్టింది. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆచార్యులు. ఆ కాలపు ఆచారం ప్రకారం లలితకు పదిహేనవ ఏటనే పెళ్లి చేశారు. పద్దెనిమిదవ ఏట ఆడపిల్లను కన్నది. ఆ పసికందుకు నాలుగు నెలల వయసులోనే భర్త మరణించాడు.

ఆ రోజుల్లో చిన్నవయసు విధవరాలి బతుకు ఎట్లా ఉండేదో మన పెద్దలు చెప్పగా విన్నాము. లలిత మాత్రం ఎవరిమీదా ఆధారపడకుండా బిడ్డను పెంచుకోవాలని నిశ్చయించుకుంది. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ మొదటి శ్రేణిలో పాసయింది. డాక్టరైతే అర్ధరాత్రి బిడ్డను వదిలి వెళ్లవలసి వస్తుందని ఇంజనీరింగ్ ఎంచుకుంది. అప్పటివరకు గిండీ కాలేజీలో ఆడపిల్ల చదివింది లేదు. సుబ్బారావు గారు ప్రిన్సిపాల్ చాకో గారిని, ప్రభుత్వ విద్యాధికారిని ఒప్పించారు. 1940లో లలితకు సీటు దొరికింది.

తోటి విద్యార్థులు ఆమెను మర్యాదగానే చూశారు. బాధ పెట్టింది ఒంటరితనమే. అంత పెద్ద కాలేజీలో మాట్లాడుకోవడానికి మరో ఆడపిల్ల లేదు. అప్పుడు ఆ తండ్రి చేసిన పనిని, పాఠకులారా, గుర్తుంచుకోండి. ఈ కాలేజీలో ఆడపిల్లలను కూడా చేర్చుకుంటారని పత్రికల్లో ప్రకటన వేయించారు. అది చూసి కేరళ క్రైస్తవ కుటుంబాల నుండి లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా వచ్చి సివిల్ ఇంజనీరింగ్‌లో చేరారు. వారు లలిత కంటే ఒక ఏడాది వెనుక చేరినా, యుద్ధకాలంలో చదువు గడువు తగ్గించడంతో ముగ్గురూ ఒకేసారి ముగించారు. పట్టా మీద అచ్చయి ఉన్న పురుషవాచకాన్ని కొట్టివేసి స్త్రీవాచకం చేత్తో రాసి ఇవ్వవలసి వచ్చింది!

తరువాత లలిత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి దశాబ్దాలు పనిచేసింది. భాక్రానంగల్ ఆనకట్ట విద్యుత్ పనుల్లో ఆమె చేయి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సమావేశానికి వెళ్లింది. 1979లో కన్నుమూసింది. ఆ ప్రకటన చూసి వచ్చిన త్రేసియా 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరయింది.

కంప్యూటర్ చదువులోనూ ఇట్లాగే తలుపు తెరిచినవారున్నారు. మఠకన్య మేరీ కెన్నెత్ కెల్లర్ 1965లో అమెరికాలో కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేటు పొందింది. డబ్యూక్ పట్టణంలోని క్లార్క్ కాలేజీలో ఆ విభాగాన్ని స్థాపించి, 1985లో చనిపోయే కొద్దికాలం ముందువరకు నడిపింది. స్థాపించినప్పుడు అది ఆడపిల్లల కాలేజీ. లలిత వంటి తల్లులకూ ఆ చదువు అందాలని ఆమె కోరుకుంది.

ప్రోగ్రామింగ్ అంటే మంత్రమేమీ కాదు. నిండు బండి తూకంలోంచి ఖాళీ బండి తూకం తీసివేయి, మిగిలినదాన్ని టన్ను ధరతో హెచ్చించు, కోతకూలి తీసివేయి. ఈ లెక్కను వరుస తప్పకుండా యంత్రానికి అర్థమయ్యే భాషలో రాయడమే ప్రోగ్రామింగ్. చెరకు పండించే ఇండ్లలో ఈ లెక్క తెలియని ఆడపిల్ల ఉందా?

బోధన్‌లో నిజాం షుగర్స్ 2015లో మూతపడినప్పుడు, ఒక్క పనినే నమ్ముకున్న ఇంటి కష్టం మనం కళ్లారా చూశాము. పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న గ్రామీణ పిల్లల కోసం 2008లో బాసరలో సాంకేతిక విశ్వవిద్యాలయం వెలసింది. 2023లో నిజామాబాద్ పట్టణంలోనే ఐటీ హబ్ మొదలయింది. తలుపులు తెరిచే ఉన్నాయి.

సుబ్బారావు గారు రెండు పనులు చేశారు. కూతురి కోసం తలుపు తట్టారు, ఆమెకు తోడు వెదికారు. మొదటిది మనలో చాలామంది చేస్తారు, రెండవది మరచిపోతారు. ఈ ఆదివారం పూజ ముగిశాక వెంటనే ఇంటిదారి పట్టకండి. కంప్యూటర్ నేర్చుకోవాలనే మరో అమ్మాయి మీ విచారణలో ఎవరింట ఉందో అడిగి తెలుసుకోండి. ఇద్దరినీ ఒకే బస్సు ఎక్కించండి. దేవుడిచ్చిన తలాంతును భయంతో మన్నులో పాతిపెట్టకండి.