దోమ గుట్టు విప్పిన సర్ రొనాల్డ్ రాస్

దోమ కుడితే మలేరియా వస్తుందని ఈనాడు మూడో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. కాని ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లే ఈ జ్వరం చెడుగాలి వల్ల వస్తుందని నమ్మేవారు. ఆ నమ్మకాన్ని మన సికింద్రాబాద్‌లో తలకిందులు చేసిన మహనీయుడు రొనాల్డ్ రాస్.

ఆయన 1857 మే 13న అల్మోరాలో జన్మించారు. తండ్రి సైన్యాధికారి. రాస్‌కు కవిత్వం, బొమ్మలు, సంగీతం అంటే ప్రాణం. తండ్రి కోరిక మీద లండన్‌లో వైద్యం చదివారు. ఒక పరీక్ష తప్పినా మళ్లీ రాసి పాసై, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు.

1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు దోమల మీద తనకున్న అనుమానాన్ని రాస్‌కు చెప్పారు. మరుసటి ఏడాది సికింద్రాబాద్ వచ్చిన రాస్ వందల దోమలను కోసి మైక్రోస్కోప్‌లో చూశారు. గాలికి దోమ ముక్కలు ఎగిరిపోతాయని, ఎంత ఉక్కపోసినా పంకా వేయించుకోలేదు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి ఆ ప్రయోగం కోసం దోమలతో కుట్టించుకున్నాడు. అలా కుట్టిన దోమ కడుపులోనే 1897 ఆగస్టు 20న మలేరియా క్రిమి కనిపించింది. 1898లో కలకత్తాలో పక్షులపై ప్రయోగాలు చేసి, దోమకాటుతోనే వ్యాధి వ్యాపిస్తుందని రాస్ నిరూపించారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్‌కు దక్కింది దోమకు ఒక అణా! అతని పేరు కూడా మనం గుర్తుంచుకోవాలి.

రాస్ అంతటితో ఆగలేదు. ఆఫ్రికాలోని ఫ్రీటౌన్‌లో గుంటలు పూడ్పించి, నిలవ నీటిపై నూనె చల్లించారు. ఈజిప్టులోని ఇస్మాయిలియాలో నీటి నిలవలు తొలగించాక మలేరియా బాగా తగ్గిపోయింది. 1932 సెప్టెంబర్ 16న ఆయన కన్నుమూశారు.

మిత్రులారా, ఫాగింగ్ మిషన్‌లో డీజిల్‌తో కలిపిన మందు వేడికి సన్నని తుంపరలై తెల్లటి పొగలా వస్తుంది. అది తగిలిన, ఎగిరే దోమలు మాత్రమే చస్తాయి. నీళ్లలోని పిల్లపురుగులకు ఏమీ కాదు. వారం పది రోజుల్లో అవే కొత్త దోమలై లేస్తాయి. ఆ పొగ విషం కూడా. దాని వెంట పరుగెత్తకండి, అన్నం గిన్నెల మీద మూతలు పెట్టండి.

పరీక్షల ముందు జ్వరం వస్తే మనకు ఏడాది పోతుంది. ఇంటి దగ్గర పాఠం చెప్పేవాళ్లు మనలో చాలామందికి లేరు. కాబట్టి మిషన్ వచ్చినా రాకపోయినా, వారానికొకసారి తొట్లు కడిగి ఆరబెడదాం. కుళాయి కింద గుంట పూడ్చుదాం. రాస్ నేర్పిన పాఠం అదే.