పలనాట శ్రీనాథుడు

కృష్ణానది నల్లమల కొండలను చీల్చుకొని పలనాటి అంచున ప్రవహించును. ఇరుగడల రాతికొండలు నిలువుగా లేచియుండ, నది లోతైన లోయలో సాగును. మాచెర్ల చెంతనున్న చంద్రవంకయు ఎత్తిపోతల యొద్ద సుమారు 70 అడుగులు దుమికినగాని కృష్ణను చేరజాలదు. నీరు అడుగున నుండెను, ఊళ్లు మీద నుండెను. నిండునది ప్రక్కనే పారుచున్నను పూర్వము పలనాటి నేల దప్పిగొనియే యుండెడిది.

15వ శతాబ్దమున శ్రీనాథుడు ఈ సీమను దర్శించెను. ఆయన కొండవీటి ప్రభువైన పెదకోమటి వేమారెడ్డి ఆస్థానమున విద్యాధికారి, శృంగారనైషధ కర్త, విజయనగరమున గౌడడిండిమభట్టును ఓడించి కనకాభిషేకము పొందిన కవిసార్వభౌముడు. సన్నబియ్యపు భోజనమునకును, కస్తూరి పరిమళమునకును అలవడిన ఆ మహాకవికి పలనాట దొరకినది జొన్నకూడు. ఎటు చూచినను రాళ్లు, తేళ్లు. త్రాగుటకు నీరు లభింపక, జటలో గంగను దాచుకొన్న శివుని ఎత్తిపొడిచి, ఆమెను నేలకు విడువుమని అడిగెనట! పరమశివభక్తుడు గనుక ఆ చనువు ఆయనకు చెల్లినది. ఈ చాటువు లన్నియు శ్రీనాథునివే యని నిశ్చయింప వలనుపడదు. అయినను పలనాటివారు కోపగింపక, వానిని నవ్వుచు నేటికిని చెప్పుకొందురు.

కోపగింపకుండుటకు కారణము కలదు. గురజాల నలగామరాజునకును మాచెర్ల మలిదేవునకును కలిగిన దాయాదివైరమును, బ్రహ్మనాయుని ధైర్యమును, కారెంపూడి రణరంగమున పోరిన బాలచంద్రుని సాహసమును పల్నాటి వీరచరిత్రముగా రచించినది శ్రీనాథుడే యని ప్రసిద్ధి. దీర్ఘసమాసములకు పేరొందిన ఆ పండితుడు ఈ కథకు పామరులు సైతము పాడుకొనదగిన ద్విపదను ఎన్నుకొని, మాచెర్ల చెన్నకేశవునికి అంకితమిచ్చెను. తాను పరిహసించిన రాతినేలయం దాయనకు వీరులు కనబడిరి.

కవి చివరి దినములు కష్టములపాలయ్యెను. ఆదరించిన ప్రభువులు గతించిరి. బొడ్డుపల్లెలో భూమిని గుత్తకు దీసికొని సేద్యము చేయగా, కృష్ణ పొంగి పైరును కొనిపోయెననియు, ఏడునూర్ల టంకముల పన్ను చెల్లింపలేక దండన పొందెననియు చెప్పుదురు. పలనాట గ్రుక్కెడు నీటికి అలమటించినవానిని ఆ నదియే ముంచినది!

ఐదు శతాబ్దములు గడచెను. 1955 డిసెంబరు 10వ తేదీన నందికొండ యొద్ద, ఆ లోయకు అడ్డముగా కట్టదలచిన నాగార్జునసాగరమునకు జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడుదలయ్యెను. అడుగున పారిన కృష్ణ, కుడికాలువ గుండ పలనాటి గట్టు నెక్కెను.