జోసెఫ్ వాన్ ఫ్రాన్‌హోఫర్

జోసెఫ్ వాన్ ఫ్రాన్‌హోఫర్ (మార్చి 6, 1787 - జూన్ 7, 1826) బవేరియాకు చెందిన భౌతిక శాస్త్రవేత్త, దూరదర్శినుల నిర్మాత. సూర్యకాంతి వర్ణపటంలో కనిపించే నల్లని గీతలకు ఈయన పేరు మీదనే ఫ్రాన్‌హోఫర్ రేఖలు అని పేరు వచ్చింది. మన పాఠ్యపుస్తకాలలో ఈ సందర్భంలో ఈయన పేరు కనిపిస్తుంది. కాని ఆకాశంలో కదిలే నక్షత్రాన్ని దానంతట అదే వెంబడించే పెద్ద దూరదర్శిని పీఠాన్ని ఆచరణయోగ్యంగా నిర్మించిన ఘనత కూడా ఈయనదే. నేడు ఔత్సాహికులు చవక ఎలక్ట్రానిక్ పరికరాలతో ఇంట్లో తయారు చేసుకునే కంప్యూటరు నియంత్రిత పీఠాలలో చాలావాటికి మూలరూపం అదే.

బాల్యము

ఫ్రాన్‌హోఫర్ బవేరియాలోని స్ట్రౌబింగ్ పట్టణంలో జన్మించాడు. తల్లిదండ్రులకు ఈయన పదకొండవ సంతానం. తండ్రి అద్దాల పనివాడు. బాలుడు కూడా చిన్ననాటి నుండి ఆ దుకాణంలోనే పని చేయవలసి రావడంతో చదువు సరిగా సాగలేదు. 1797లో తల్లి, ఆ మరుసటి సంవత్సరం తండ్రి మరణించారు. పదకొండేళ్ళ వయసులో అనాథ అయిన ఈ బాలుణ్ణి సంరక్షకులు మ్యూనిక్ నగరంలో వైక్సెల్‌బెర్గర్ అనే దర్పణాల తయారీదారు వద్ద శిష్యునిగా చేర్చారు. ఒప్పందం ఆరు సంవత్సరాలు, జీతం లేదు. యజమాని ఈ బాలుణ్ణి ఆదివారపు బడికి పంపడానికి కూడా ఇష్టపడలేదు. పుస్తకాలు చదవనిచ్చేవాడు కాదు.

1801 జూలై 21న యజమాని ఇల్లు కూలిపోయింది. యజమాని భార్య ఆ శిథిలాల కింద మరణించింది. ఫ్రాన్‌హోఫర్ కొన్ని గంటల పాటు లోపలే చిక్కుకుపోయి, చివరకు ప్రాణాలతో బయటపడ్డాడు. సహాయక చర్యలను చూడడానికి బవేరియా పాలకుడు మాక్సిమిలియన్ జోసెఫ్ (తరువాతి కాలంలో బవేరియా రాజు) స్వయంగా అక్కడికి వచ్చాడు. ఆయన ఆ బాలునికి 18 బంగారు నాణేలు బహూకరించాడు. అక్కడికే వచ్చిన ఉట్‌ష్నైడర్ అనే పారిశ్రామికవేత్త బాలునికి గణితం, దృశాశాస్త్రాలకు సంబంధించిన పుస్తకాలు సమకూర్చాడు.

పద్నాలుగేళ్ళ పిల్లవాడు ఆ డబ్బును ఖర్చు చేసిన తీరు గమనింపదగినది. కొంత సొమ్ముతో గాజు కోసే యంత్రం ఒకటి కొనుక్కున్నాడు. మరికొంత యజమానికి చెల్లించి, శిష్యరికంలో మిగిలిన ఆరు నెలల గడువు నుండి విముక్తి పొందాడు. పేరు ముద్రించిన చీటీల కొరకు లోహపు ఫలకాలపై అక్షరాలు చెక్కే సొంత వ్యాపారం పెట్టాడు గాని అది సాగలేదు. తిరిగి పాత యజమాని వద్దనే కూలికి చేరవలసి వచ్చింది.

గాజు కర్మాగారంలో

1806లో ఉట్‌ష్నైడర్ తాను భాగస్వామిగా ఉన్న పరికరాల సంస్థలో ఫ్రాన్‌హోఫర్‌కు ఉద్యోగం ఇచ్చాడు. ఆ రోజులలో మంచి దూరదర్శినికి పెద్ద అడ్డంకి గాజే. రంగులు విడిపోకుండా స్పష్టమైన ప్రతిబింబం ఇచ్చే అవర్ణక కటకం తయారు చేయాలంటే క్రౌన్ గాజు, సీసం కలిసిన ఫ్లింట్ గాజు రెండూ కావాలి. ఫ్లింట్ గాజు కరిగినప్పుడు బరువైన సీసం అడుగుకు దిగి, గాజులో చారలు ఏర్పడేవి. అందువలన అరచేతి వెడల్పుకు మించిన నిర్దోషమైన గాజు బిళ్ళ దొరకడం దుర్లభంగా ఉండేది. స్విట్జర్లాండుకు చెందిన పియెర్ లూయీ గినాన్ కరిగిన గాజును మట్టి కడ్డీతో కలియబెట్టే పద్ధతిని కనిపెట్టి ఈ చిక్కును కొంతవరకు తీర్చాడు. ఉట్‌ష్నైడర్ ఆయనను రప్పించి, బెనెడిక్ట్‌బాయెర్న్ అనే ఊరిలో ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న పాత క్రైస్తవ మఠంలో గాజు కొలిమి పెట్టించాడు.

1809 నాటికి అక్కడి కటకాల విభాగం ఫ్రాన్‌హోఫర్ చేతికి వచ్చింది. ఆయన గినాన్ వద్ద గాజు తయారీ నేర్చుకుని, ఆ పనిని అంచనాల మీద గాక కొలతల మీద నడిపించాడు. నునుపు చేసిన కటకాన్ని ప్రమాణంగా పెట్టుకున్న మరొక గాజుపై ఉంచి, మధ్యలో ఏర్పడే రంగుల వలయాలను బట్టి ఉపరితలంలోని అతి సూక్ష్మమైన లోపాన్ని పట్టుకునేవాడు. 1814లో గినాన్ స్వదేశానికి వెళ్ళిపోయిన తరువాత కొలిమి బాధ్యత పూర్తిగా ఈయనదే అయింది.

నల్లని గీతలు

ఫ్రాన్‌హోఫర్ నల్లని గీతల కోసం వెదకలేదు. కటకాన్ని గణితం ప్రకారం రూపొందించాలంటే ఒక్కొక్క రంగుకు గాజు వక్రీభవన గుణకం ఎంతో తెలియాలి. ఎరుపు ఎక్కడ ముగిసి నారింజ ఎక్కడ మొదలవుతుందో చెప్పలేనప్పుడు ఆ కొలత సాధ్యం కాదు. వర్ణపటంలో కదలని గుర్తు ఒకటి కావాలి. దీపపు జ్వాల వర్ణపటంలో ప్రకాశవంతమైన పసుపు గీత ఆయనకు కనిపించింది. సూర్యకాంతిలో కూడా అటువంటి గీత ఉన్నదేమోనని 1814లో పరీక్షించాడు. చీకటి గదిలోకి సన్నని చీలిక ద్వారా సూర్యకాంతిని రానిచ్చి, సుమారు 24 అడుగుల దూరంలో ఫ్లింట్ గాజు పట్టకాన్ని నిలిపి, దాని వెనుక థియోడొలైట్ పరికరపు దూరదర్శినితో చూశాడు. ప్రకాశవంతమైన గీతకు బదులు లెక్కలేనన్ని నల్లని గీతలు కనిపించాయి. ఇంగ్లండులో వొలాస్టన్ 1802లోనే అటువంటి గీతలు కొన్నింటిని చూశాడు గాని వాటిని రంగుల మధ్య సరిహద్దులుగా భావించాడు.

ఫ్రాన్‌హోఫర్ 574 గీతలను లెక్కించాడు. ముఖ్యమైనవాటికి ఎరుపు కొస నుండి ఎ, బి, సి, డి అని వరుసగా పేర్లు పెట్టాడు. ఈ అక్షరాలు నేటికీ వాడుకలో ఉన్నాయి. దీపంలోని పసుపు గీత స్థానమూ, సూర్యకాంతిలోని నల్లని డి గీత స్థానమూ ఒకటేనని గుర్తించాడు. చంద్రుడు, శుక్రుడు సూర్యుని గీతలనే చూపగా, సిరియస్ నక్షత్రపు కాంతిలో వేరే అమరిక కనిపించింది. కాబట్టి ఈ గీతలు పరికరపు లోపం వలన గాని, మన వాతావరణం వలన మాత్రమే గాని వచ్చేవి కావని తేలింది. 1821లో దగ్గర దగ్గరగా సమాంతరంగా అమర్చిన 260 సన్నని తీగలతో వివర్తన జాలకం తయారు చేసి, తరువాత గాజుపై వజ్రంతో గీతలు గీసి, ఒక్కొక్క రేఖ తరంగదైర్ఘ్యాన్ని కొలిచాడు.

గీతలకు కారణం తెలియడానికి 1859 వరకు, అనగా ఆయన మరణించిన ముప్పై మూడేళ్ళ వరకు ఆగవలసి వచ్చింది. ఒక్కొక్క మూలకం తనకు ప్రత్యేకమైన గీతలను ఇస్తుందని కిర్కాఫ్, బున్సెన్ నిరూపించారు. ఈ కథలో తెలుగునాటికి కూడా చోటున్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులోనూ, మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలోనూ వర్ణపటదర్శినులతో పరిశీలించారు. ఆ సంవత్సరం సూర్యుని అంచున కనిపించిన పసుపు గీత ఫ్రాన్‌హోఫర్ డి గీతకు సమీపంలో ఉన్నా దానితో కలియలేదు. అది భూమిపై అప్పటికి తెలియని మూలకానిదని భావించి దానికి హీలియం అని పేరు పెట్టారు. భూమిపై హీలియం 1895లో దొరికింది.

డోర్పాట్ దూరదర్శిని

1819లో సంస్థ మ్యూనిక్‌కు తరలివచ్చింది. రష్యా సామ్రాజ్యంలోని డోర్పాట్ (ప్రస్తుతం ఎస్టోనియాలోని టార్టు) వేధశాల కొరకు నిర్మించిన వక్రీభవన దూరదర్శిని 1824లో అక్కడికి చేరింది. దాని వస్తుకటకం వ్యాసం సుమారు 24 సెంటీమీటర్లు, నాభ్యంతరం సుమారు 4.3 మీటర్లు. అప్పటికి ప్రపంచంలో దానిని మించిన వక్రీభవన దూరదర్శిని లేదు.

అయితే కటకం ఎంత గొప్పదైనా భూభ్రమణం ఆగదు. ఖగోళ మధ్యరేఖ దగ్గరి నక్షత్రం సెకనుకు 15 వికలల చొప్పున జరుగుతుంది. 200 రెట్లు పెద్దదిగా చూపే దూరదర్శినిలో ఆ నక్షత్రం ఒక నిమిషం లోపే కనుమరుగవుతుంది. నాలుగు మీటర్ల గొట్టాన్ని చేతితో జరుపుతూ రెండు నక్షత్రాల మధ్య దూరాన్ని వికలల్లో కొలవడం దాదాపు అసాధ్యం.

దీనికి ఫ్రాన్‌హోఫర్ చూపిన పరిష్కారంలో రెండు భాగాలున్నాయి. మొదటిది జర్మన్ పీఠంగా ప్రసిద్ధి చెందిన అమరిక. ఇందులో ఒక అక్షం భూమి అక్షానికి సమాంతరంగా ధ్రువం వైపు చూస్తుంది. అది నేలతో చేసే కోణం ఆ ఊరి అక్షాంశానికి సమానం: డోర్పాట్‌లో 58 డిగ్రీలు, అదే హైదరాబాదులో అయితే 17 డిగ్రీల పైచిలుకు. దానికి లంబంగా రెండవ అక్షం. దాని ఒక కొసన గొట్టం, రెండవ కొసన సమతూకానికి బరువు. తూకం కుదిరితే అంతటి పరికరాన్ని వేలితో తిప్పవచ్చు. నక్షత్రాన్ని ఒకసారి పట్టిన తరువాత ధ్రువాక్షం ఒక్కటే, అదీ ఒకే వేగంతో తిరిగితే చాలు.

రెండవ భాగం ఆ అక్షాన్ని తిప్పే గడియారం. కిందికి దిగే బరువు పళ్ళచక్రాలను తిప్పుతుంది. మామూలు గడియారంలోని లోలకం టిక్కుటిక్కుమని ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి దూరదర్శినికి పనికిరాదు. అందుకు బదులుగా గుండ్రంగా తిరిగే బరువులు గల అపకేంద్ర నియంత్రకాన్ని అమర్చాడు. వేగం పెరిగితే బరువులు బయటకు జరిగి రాపిడి పెంచుతాయి. తగ్గితే లోపలికి వచ్చి రాపిడి తగ్గిస్తాయి. దూరదర్శినికి గడియారం జోడించే ప్రయత్నాలు అంతకు ముందూ జరిగాయి గాని ఇంత పెద్ద పరికరాన్ని ఇంత నిలకడగా నడిపినది ఇదే మొదలు.

వేధశాల అధిపతి విల్‌హెల్మ్ స్ట్రూవే ఈ దూరదర్శినితో రెండేళ్ళకు పైగా శ్రమించి సుమారు 1,20,000 నక్షత్రాలను పరిశీలించాడు. 1827లో ప్రచురించిన పట్టికలో 3,112 జంట నక్షత్రాలను చేర్చాడు. 1837లో ఇదే దూరదర్శినితో అభిజిత్ నక్షత్రపు దృక్‌భేదాన్ని కొలిచాడు. ఫ్రాన్‌హోఫర్ మొదలుపెట్టగా ఆయన వారసులు పూర్తి చేసిన హీలియోమీటరుతో 1838లో బెసెల్ 61 సిగ్ని నక్షత్రం దూరాన్ని నిర్ణయించాడు. 1846 సెప్టెంబరు 23న బెర్లిన్‌లో నెప్ట్యూన్ గ్రహాన్ని పట్టిచ్చినది కూడా డోర్పాట్ దూరదర్శినికి జోడు వంటి మరొక ఫ్రాన్‌హోఫర్ దూరదర్శినే. డోర్పాట్ పరికరం టార్టులోని పాత వేధశాలలోనూ, బెర్లిన్ పరికరం మ్యూనిక్‌లోని డాయిచెస్ మ్యూజియంలోనూ భద్రంగా ఉన్నాయి.

గౌరవాలు, మరణము

విశ్వవిద్యాలయంలో చదవని ఈ పనివానికి బవేరియా విజ్ఞాన అకాడమీలో స్థానం ఇవ్వడానికి కొందరు పండితులు అభ్యంతరం చెప్పారు. అయినా 1817లో అకాడమీ ఆయనను చేర్చుకున్నది. 1822లో ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. 1824లో రాజు ఇచ్చిన బిరుదుతో పేరుకు ముందు వాన్ అనే గౌరవపదం చేరింది.

కొలిమి వేడిలో, సీసపు ఆవిరుల మధ్య సంవత్సరాల తరబడి పనిచేసిన ఫ్రాన్‌హోఫర్ ఆరోగ్యం మొదటి నుండీ అంతంత మాత్రమే. క్షయవ్యాధితో 1826 జూన్ 7న మ్యూనిక్‌లో, 39 ఏళ్ళ వయసులో మరణించాడు. వివాహం చేసుకోలేదు. ఆయన సమాధిపై నక్షత్రాలను దగ్గరకు తెచ్చినవాడని అర్థం వచ్చే లాటిన్ మాటలు చెక్కారు.

వర్ణపటం గురించి తెలుసుకున్న విషయాలను ప్రచురించిన ఫ్రాన్‌హోఫర్, గాజు తయారీ వివరాలను మాత్రం ప్రచురించలేదు. అవి సంస్థ వ్యాపార రహస్యాలు. ఇంగ్లండులో మైకేల్ ఫారడే అంతటివాడు 1825 నుండి కొన్నేళ్ళ పాటు దృశాగాజుపై ప్రయోగాలు చేసినా మ్యూనిక్ గాజుకు సాటిరాలేదు. ఆ రహస్యాలను పంచి ఉంటే ఇతర దేశాల వేధశాలలకు మంచి దూరదర్శినులు ఇంకా ముందుగా అంది ఉండేవేమో. సంస్థను ఆయన సహాయకుడు జార్జ్ మెర్జ్ కొనసాగించాడు.

పీఠ నియంత్రణ - ఆనాడు, ఈనాడు

ఫ్రాన్‌హోఫర్ గడియారం చేసిన పనినే నేడు స్టెప్పర్ మోటారు, చిన్న మైక్రోకంట్రోలర్ చేస్తున్నాయి. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డుయినో వంటి చవక బోర్డులు, ఆన్‌స్టెప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చిన తరువాత ఔత్సాహికులు తమ పీఠాలకు నియంత్రకాలను తామే తయారు చేసుకుంటున్నారు. ఇందులోని లెక్క ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడా సులభమే. ఒక మోటారు చుట్టుకు 200 అడుగులు వేస్తుందనుకుందాం. డ్రైవర్ చిప్పు ఒక్కొక్క అడుగును 16 భాగాలు చేస్తే 3,200. పట్టీ కప్పీలు 3 రెట్లు, ధ్రువాక్షంపై ఉన్న 144 పళ్ళ వార్మ్ చక్రం 144 రెట్లు వేగాన్ని తగ్గిస్తే, అక్షం పూర్తి చుట్టుకు 13,82,400 సూక్ష్మమైన అడుగులు అవుతాయి. ఒక్కొక్కటి 0.94 వికల. భూమి నక్షత్రాల దృష్ట్యా 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లలో, అనగా 86,164 సెకన్లలో ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి మోటారుకు సెకనుకు 16 కంటే కొంచెం ఎక్కువ స్పందనలు పంపితే నక్షత్రం కదలకుండా నిలుస్తుంది. అపకేంద్ర నియంత్రకం స్థానంలో ఇప్పుడు క్వార్ట్జ్ స్ఫటికం వేగాన్ని కాపాడుతుంది. రెండవ అక్షానికి కూడా మోటారు పెట్టి, తెలిసిన నక్షత్రాలు రెండు మూడింటిని గురిచూపితే, కోరిన వస్తువు వైపు దూరదర్శిని తనంతట తానే తిరుగుతుంది. ధ్రువాక్షాన్ని ధ్రువం వైపు సరిగా నిలపడం, గొట్టాన్ని తూకంలో ఉంచడం మాత్రం ఈనాటికీ చేతిపనే. తూకం తప్పితే చిన్న మోటారు అడుగులు తప్పి, కంప్యూటరు చూపే స్థానం ఒకటి, దూరదర్శిని చూసే స్థానం ఒకటి అవుతాయి.

1949లో మ్యూనిక్‌లో స్థాపించిన అనువర్తిత పరిశోధనా సంస్థకు ఫ్రాన్‌హోఫర్ సొసైటీ అని పేరు పెట్టారు. చంద్రునిపై ఒక బిలానికి, ఒక గ్రహశకలానికి కూడా ఆయన పేరు ఉన్నది.