డాక్టర్ జేమ్స్ లిండ్

మన డార్మెటరీలో ఒకడికి జ్వరమొస్తే పదిమంది పది మందులు చెబుతారు. ఒకడు మిరియాల కషాయం అంటాడు, ఇంకొకడు లంఖణం అంటాడు. అందరూ గట్టిగానే చెబుతారు. మరి ఏది నిజంగా పనిచేస్తుందో తేల్చేదెలా? రెండు వందల డెబ్బై ఏళ్ళకు పైగా కిందట ఓడ మీద కూర్చుని ఈ సంగతి తేల్చిన ఒక డాక్టరు గారి జీవితం ఇది.

జేమ్స్ లిండ్ 1716లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో పుట్టారు. పదిహేనేళ్ళ వయసులో, అంటే మన టెన్త్ వాళ్ళ వయసులో, ఒక సర్జన్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరారు. 1739లో బ్రిటిష్ నౌకాదళంలోకి వెళ్ళారు.

ఆ రోజుల్లో నావికులను శత్రువుల కంటే ఎక్కువగా చంపింది స్కర్వీ అనే జబ్బు. నెలల తరబడి ఉప్పు మాంసం, ఎండు బిస్కట్లే తిండి. చిగుళ్ళు వాచి కుళ్ళిపోయేవి, పళ్ళు ఊడేవి, ఎప్పుడో మానిన గాయాలు మళ్ళీ పగిలేవి. 1740లో ఆన్సన్ అనే అధికారి ఓడలు తీసుకుని ప్రపంచయాత్రకు బయల్దేరితే వెయ్యిమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది స్కర్వీతోనే పోయారు.

దీనికి మందులు లేక కాదు, మరీ ఎక్కువై! తలా ఒకటి చెప్పేవాళ్ళు. 1747 మే నెలలో సాలిస్‌బరీ అనే ఓడ మీద సర్జన్‌గా ఉన్న లిండ్ ఒక పని చేశారు. జబ్బు ఒకేలా ఉన్న 12 మందిని ఎంచి, ఒకే చోట పడుకోబెట్టి, అందరికీ ఒకే తిండి పెట్టించారు. తర్వాత ఇద్దరిద్దరు చొప్పున ఆరు జతలు చేశారు. ఒక జతకు ఆపిల్ పళ్ళ సారా, ఒక జతకు నీళ్ళలో గంధకామ్లం చుక్కలు, ఒక జతకు వెనిగర్, ఒక జతకు సముద్రపు నీళ్ళు (పాపం!), ఇంకో జతకు వెల్లుల్లి, ఆవాలు వగైరా నూరిన జాజికాయంత ముద్ద. ఆరో జతకు రోజూ రెండు నారింజలు, ఒక నిమ్మపండు.

ఆరు రోజులకే పళ్ళు అయిపోయాయి. అయితేనేం, ఆ ఇద్దరిలో ఒకడు అప్పటికే పనిలోకి వెళ్ళగలిగాడు. రెండోవాడు మిగిలిన రోగులకు సేవ చేసేంతగా కోలుకున్నాడు. ఆపిల్ సారా తాగినవాళ్ళు కొంచెం తేరుకున్నారు. తక్కినవాళ్ళలో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

అందరూ ఈ ప్రయోగం గురించే చెబుతారు గానీ, నాకు ఆ తర్వాత ఆయన చేసిన పనే గొప్పగా అనిపించింది. లిండ్ నౌకాదళం వదిలి ఎడిన్‌బరోలో డాక్టరు పట్టా తీసుకుని, స్కర్వీ మీద అంతవరకూ ఎవరెవరు ఏం రాశారో వెతికి చదవడం మొదలుపెట్టారు. ఎవరు కళ్ళారా చూసి రాశారు, ఎవరు ఇంట్లో కూర్చుని ఊహించి రాశారు అని వేరుచేశారు. ఇదంతా కలిపి 1753లో పెద్ద పుస్తకంగా వేశారు. చిత్రమేమంటే, 1601లోనే లాంకాస్టర్ అనే కెప్టెన్ తన నావికులకు నిమ్మరసం తాగించి కాపాడుకున్నాడు. 1617లో వుడాల్ అనే సర్జన్ తన పుస్తకంలో నిమ్మరసం గురించి రాశాడు కూడా. రుజువు ఉంది, వెతికినవాళ్ళే లేరు.

అయితే లిండ్ గారు కూడా ఒకచోట తప్పారు. పళ్ళు ఓడలో నిలవ ఉండవు కదా అని రసాన్ని గంటల తరబడి వేడిచేసి చిక్కటి పాకంలా చెయ్యమన్నారు. దాన్ని మాత్రం నారింజల్లాగా రోగుల మీద పోల్చి చూడలేదు. వేడికి అందులోని సారం చాలావరకు పోయింది. ఆ సారం విటమిన్ సి అని 1930లలో గానీ తేలలేదు. మన అడవి ఉసిరికాయలో దండిగా ఉండేది అదే. పైగా అంత లావు పుస్తకంలో ఆ 12 మంది కథ కొద్ది పేజీలే. చదివినవాళ్ళకు అది కంటికి ఆనలేదు.

1758 నుంచి 1783 వరకు ఆయన హాస్లర్ నౌకాదళ ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగా పనిచేశారు. స్కర్వీ రోగులు వస్తూనే ఉన్నారు. 1794లో ఆయన కన్నుమూశారు. గిల్బర్ట్ బ్లేన్ అనే మరో డాక్టరు పట్టుబట్టడంతో ఆ మరుసటి ఏడాది, 1795లో, నౌకాదళం నావికులందరికీ నిమ్మరసం ఇవ్వడానికి ఒప్పుకుంది. పుస్తకం అచ్చయి అప్పటికి 42 ఏళ్ళు.