విరోధులు గౌరవించిన సమాధి

ఐర్లండు దేశపు పల్లెసీమలలో ప్రాచీనమైన సమాధుల తోటలు అనేకము కలవు. కావన్ ప్రాంతములోని కిల్‌మోర్ సమాధుల తోట వాటిలో ఒకటి. అచ్చట బిషప్ విలియం బెడెల్ ప్రభువునందు నిద్రించుచున్నాడు. ఆయన ఆంగ్లేయుడు. అయినను ఆయనను మట్టికి అప్పగించిన దినమున, ఆంగ్లేయులపై తిరుగబడిన ఐరిష్ నాయకులే వచ్చి ఆయనను సన్మానించిరి. అట్టి గౌరవము ఆయనకెట్లు లభించెను?

బెడెల్ 1571వ సంవత్సరమున ఇంగ్లండులోని ఎసెక్స్ సీమయందు జన్మించెను. కేంబ్రిడ్జిలో విద్యనభ్యసించి బోధకుడాయెను. 1607లో ఆంగ్ల రాయబారికి చాప్లెనుగా వెనిస్ నగరమునకు వెళ్లి, అచ్చట ఒక యూదు రబ్బీ సాయముతో హెబ్రీ భాషా జ్ఞానమును వృద్ధిచేసికొనెను. 1627లో డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలకు అధిపతియై, 1629లో కిల్‌మోర్, ఆర్డా డయాసిస్‌లకు బిషప్ ఆయెను. ఒక కాపరికి రెండు మందలు తగవని తలంచి, 1633లో ఆర్డాను తనంతట తానే విడిచిపెట్టెను.

ఆ కాలమున ఐరిష్ ప్రజల భూములనేకము ఆంగ్ల వలసదారుల వశమైయుండెను. దేవాలయములలో ఆరాధన వారికి తెలియని ఆంగ్లమున జరుగుచుండెను. ప్రజల హృదయములకు వారి భాషయే ద్వారమని బెడెల్ గ్రహించెను. యాభై యేండ్లు దాటిన వయస్సున ఐరిష్ భాషను నేర్చుకొనుటకు పూనుకొనెను. క్రొత్త నిబంధన అంతకుముందే ఆ భాషలో అచ్చయియుండెను. పాత నిబంధన లేకుండెను. మర్టా కింగ్ అను వృద్ధ పండితుడు మొదలగువారు దానిని అనువదింపగా, బెడెల్ హెబ్రీ మూలముతో పోల్చి దిద్దుచుండెను. ఈ పని కొందరు అధికారులకు గిట్టలేదు. వారు కింగ్ మీద నిందలు మోపి, ఆయన పదవిని తీసివేసి, చెరలో వేయించిరి. బెడెల్ ఆయన పక్షమున రాజప్రతినిధికి వ్రాసెను. పని మాత్రము మానలేదు.

1641 అక్టోబరులో తిరుగుబాటు చెలరేగెను. వలసదారులనేకులు చంపబడిరి, అనేకులు చలిలో ఇండ్ల నుండి వెళ్లగొట్టబడిరి. బెడెల్ తన యింటిని నిరాశ్రయులకు తెరచెను. వారిని విడిచిపెట్టుటకు ఆయన ఒప్పుకొనలేదు. డిసెంబరులో ఆయనను, ఇద్దరు కుమారులను, అల్లుని సరస్సు నడుమనున్న క్లాఫ్‌ఊటర్ కోటలో బంధించిరి. శిథిలమైన ఆ గోపురములోనే వారు క్రీస్తు జన్మదినమును ఆచరించిరి. జనవరిలో విడుదలై, తాను అభిషేకించిన ఐరిష్ బోధకుడు డెనిస్ షెరిడన్ ఇంట ఆశ్రయము పొందెను. అచ్చట జ్వరపీడితుడై 1642 ఫిబ్రవరి 7న కన్నుమూసెను.

దేవాలయము లోపల సమాధి చేయుట బెడెల్‌కు ఇష్టము లేదు. 1638లో మరణించిన భార్య లేయాను ఆయన తోట అంచుననే పాతిపెట్టియుండెను. ఆమె ప్రక్కనే తనకును చోటు కోరెను. ఆ స్థలము అప్పటికి కతోలిక బిషప్ స్వాధీనమున నుండగా, ఆయన అనుమతి పొందవలసివచ్చెను. ఫిబ్రవరి 9న ఓరైలీ వంశపు నాయకులు తమ సైనికులతో శవయాత్రలో నడిచిరి. తుపాకులు పేల్చి గౌరవము చూపిరి. ప్రొటెస్టంటు క్రమము చొప్పున ప్రార్థనలు చదువుకొనవచ్చునని కూడ చెప్పిరి. కాని ఆ సమయమున అది క్షేమము కాదని తలంచి, ఆయన వారు మౌనముగానే సమాధి చేసిరి.

అనువాదపు వ్రాతప్రతిని షెరిడన్ కాపాడెను. శాస్త్రవేత్తయైన రాబర్ట్ బాయిల్ ద్రవ్యసహాయముతో అది 1685లో లండనులో అచ్చాయెను. విత్తినవాడు సమాధి చేరిన నలువదిమూడేండ్లకు పంట కనబడెను. 1860లో కిల్‌మోర్‌లో ఆయన జ్ఞాపకార్థము నూతన దేవాలయము ప్రతిష్ఠింపబడెను.

ప్రియ చదువరీ, మన చేతిలోని తెలుగు బైబిలు వెనుకను ఇట్టివారి ప్రయాసమే యున్నది. పరుల భాషను ప్రేమించినవాడు పరుల హృదయమును గెలుచును. మన సేవాఫలమును మన కన్నులతో చూడకపోయినను, విత్తుట మానకుందము గాక.