సముద్రమును గాజుతొట్టిలో నిలిపిన ఫిలిప్ హెన్రీ గాస్

సముద్రప్రాణులను గాజుతొట్టిలో బెంచుట నేడు గొప్ప వింత కాదు. నగరములలోని మత్స్యశాలలను చూచి వచ్చిన విద్యార్థులు మనలో ననేకులు కలరు. మన దక్షిణదేశమున 1909లోనే మద్రాసు తీరమున నట్టి శాల యొకటి వెలసెను. కాని నూటడెబ్బదియేండ్లకు పూర్వము సముద్రప్రాణి తీరము విడచి పట్టణమునకు వచ్చి ప్రాణముతో నిలుచుట మిక్కిలి యరుదు. దారిలో కొన్ని చచ్చెడివి. వచ్చినవి రెండుమూడు దినములలో నీరు కుళ్లి నశించెడివి. ఈ కష్టమును దాటు మార్గమును జనసామాన్యమునకు నేర్పినవారిలో ముఖ్యులు ఫిలిప్ హెన్రీ గాస్ గారు.

వారు 1810వ సంవత్సరము ఏప్రిలు 6వ తేదీన ఇంగ్లండులోని వూస్టరు పట్టణమున జన్మించిరి. తండ్రి థామస్ గాస్ ఊరూర దిరిగి చిన్నచిన్న రూపపటములను వ్రాయు చిత్రకారుడు. ఆయనకు పేరుగాని ధనముగాని లేదు. కుటుంబము పూల్ అను రేవుపట్టణమున స్థిరపడెను. అచ్చట బాలుడైన గాస్ గారికి మేనత్తయే మొదటి గురువు. రాళ్లనంటి పూవువలె విచ్చుకొను సముద్రపుష్పము అను ప్రాణిని పాత్రలో నుంచి, నీటిని మార్చుచు బ్రదికించు విధమును ఆమెయే చెప్పెను. ఆ బాల్యవిద్య ముప్పదియేండ్ల పిదప ఫలించెను.

ఇంటి పేదరికముచేత వారికి కళాశాల చదువు లేకపోయెను. పదునేడవయేట, 1827లో, న్యూఫౌండులాండు దీవియందలి కార్బొనియరు రేవున నొక వర్తకుల కచ్చేరిలో గుమాస్తాగా చేరిరి. పగలు లెక్కలు వ్రాయుచు, తీరిక దొరికినపుడు పురుగులను పరిశీలించి బొమ్మలు గీయుచుండిరి. 1835లో కెనడా చేరి సేద్యము చేసిరి గాని మూడేండ్లకే అది చెడెను. 1838లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున కొన్ని నెలలు బడిపంతులుగా నుండి, అచ్చటి బానిసల దురవస్థను కన్నులార చూచి సహింపలేక మరుసటి సంవత్సరము స్వదేశము చేరిరి. చేతిలో నున్న ధనము స్వల్పము. పెట్టెలో నున్నవి బొమ్మలు, వ్రాతప్రతులు. వానినుండి వెలువడిన కెనడా ప్రకృతి గ్రంథము 1840లో అచ్చుపడెను. పిమ్మట లండనుచెంత హాక్నీలో నొక చిన్న పాఠశాల నడిపిరి. 1844 మొదలు ఏడాదిన్నర జమైకా దీవిలో పక్షులను పరిశీలించిరి.

హాక్నీలో నుండగా వారు సహోదరుల సమాజమున చేరిరి. 1836లో మన తెలుగుదేశమునకు వచ్చి, గోదావరి సీమలో సేవచేసిన బౌడెన్, బీర్ అను దొరలు ఆ సమాజమువారే. ఆ యిరువురి స్వస్థలమైన బారన్‌స్టేపుల్, గాస్ గారు పిమ్మట సముద్రప్రాణులను వెదకిన ఇల్‌ఫ్రాకూంబ్ తీరమునకు సమీపముననే యున్నది.

1848లో వారు ఎమిలీ బౌస్ అను విదుషిని వివాహమాడిరి. మరుసటేడు కుమారుడు ఎడ్మండ్ కలిగెను. రేయింబవళ్లు వ్రాతపనిచే ఆరోగ్యము చెడగా, వైద్యుల సలహాపై 1852లో భార్యాపుత్రులతో డెవను సముద్రతీరమునకు వెళ్లిరి. వ్యాధి మాన్పుకొనుటకు పోయినచోటనే వారి జీవితమునందలి ముఖ్యకార్య మారంభమయ్యెను.

అప్పటికే ఆ మార్గమున నడచినవారు లేకపోలేదు. 1846లో ఆనా థిన్ అను మహిళ టార్కీ తీరమునుండి పగడజాతి ప్రాణులను జాడీలో నుంచి లండనునకు దెచ్చెను. ఆమె యింట ప్రతిదినము ఆ నీటిని తెరచిన కిటికీచెంత నొక పాత్రనుండి వేరొక పాత్రలోనికి పోయుచు గాలి సోకించుచుండిరి. పిమ్మట సముద్రపు నాచునుగూడ చేర్చిరి. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు, ప్రాణులు విడుచు వాయువును మొక్కలు గ్రహించి, మొక్కలు విడుచు ప్రాణవాయువును ప్రాణులు గ్రహించునని మంచినీటి తొట్టిలో నిరూపించెను. గాస్ గారు ఈ సూత్రమునే ఉప్పునీటికి వర్తింపజేసి, నీటిని మార్చకయే సముద్రప్రాణులను బ్రదికింపవచ్చునని 1852లో ప్రకటించిరి.

వారు కనుగొన్న మెలకువలు గమనింపదగినవి. సముద్రపుష్పమును రాతినుండి గోటితో గీకి తీసిన దాని యడుగుభాగము చినిగి చచ్చును. కావున వారు సుత్తి, ఉలి చేతబట్టి, రాతిముక్కతోగూడ తీసెడివారు. దూరప్రయాణమున సీసాడు నీటిలో నుంచుటకంటె తడిసిన నాచునడుమ పొదిగి పంపుటయే అనేక ప్రాణులకు క్షేమమని కనుగొనిరి. దీనికి కారణము సులభము. మూతవేసిన సీసాలోని నీటియందు ప్రాణవాయువు కొంచెమే యుండును. అది త్వరలో ఖర్చగును. నాచుమడతలలోనికి గాలి వచ్చుచుండును. పాటువేళ నీరు తీసినప్పుడు రాళ్లపై గంటలకొలది నిలుచు ప్రాణులకు తడి యొక్కటియే చాలును. లోతునీటి ప్రాణులకు మాత్ర మిది చెల్లదు.

1853 మే నెలలో లండను జంతుశాలయందు మత్స్యగృహము తెరువబడెను. అందు సముద్రప్రాణులను సమకూర్చుటలో గాస్ గారు పాల్గొనిరి. ఆ సంవత్సరమే వేమత్ తీరమున నివసించి అనేక ప్రాణులను పట్టణమునకు పంపిరి. 1854లో వెలువడిన వారి గ్రంథముతో ఆక్వేరియమను పేరు లోకమున స్థిరపడెను. తీరమునకు దూరమున నుండువారికై ఉప్పు, మెగ్నీషియము, పొటాసియము లవణములను మంచినీట గలిపి కృత్రిమ సముద్రజలమును చేయు విధమునుగూడ తెలిపిరి. అట్టి నీటిలో ముందుగా నాచు నుంచి, కొన్నినాళ్లు ఆగిన పిదపనే ప్రాణులను విడిచెడివారు.

ఈ ఆగుటలోని మర్మము తరువాతి శాస్త్రజ్ఞులకు తెలిసెను. రాళ్లమీదను ఇసుకలోను కంటికి కానరాని సూక్ష్మజీవులు పెరిగి, ప్రాణుల విసర్జనమువలన బుట్టు అమోనియా విషమును క్రమముగా హాని తక్కువగల పదార్థముగా మార్చును. అందుచేత పాతబడిన తొట్టిలో ప్రధానమైనది నీరు కాదు, ఆ రాళ్లే. నేడు పగడములుగల తొట్టిని ఒకయింటినుండి వేరొకయింటికి జేర్చువారు మొదట క్రొత్తనీటిని సిద్ధము చేసికొందురు. లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పును, పాతనీటికి సమానమైన వేడిమిని చూచుకొందురు. పాతనీటిలో కొంత భాగమును శుభ్రమైన డబ్బాలలో నింపి, రాళ్లను అందులోనే ముంచి తీసికొనిపోదురు. రాయి ఎండిన సూక్ష్మజీవులు చచ్చి, నీరే విషమగును. అడుగు ఇసుకను కలచరు, ఏలయన లోపలిపొరలయందు దుర్వాయువు చేరియుండును. చేపలను వేరుగా గాలి అందునట్లు పంపుదురు. క్రొత్తచోట రాళ్లు మొదట, ప్రాణులు కడపట. నింపినను నింపకున్నను తొట్టిని నీటితో నెత్తరు. బరువుకు గాజు అతుకులు విడును.

దివిసీమ, గుడివాడ ప్రాంతముల చెరువులవారికి ఈ సంగతి కొంత పరిచితమే. రొయ్యపిల్లలను ప్రాణవాయువు నింపిన ప్లాస్టిక్ సంచులలో తెచ్చి, సంచిని చెరువునీటిపై కొంతసేపు తేలవేసి, వేడిమి సమమైన పిమ్మట మెల్లగా విడుతురు గదా! సూత్ర మొక్కటియే: మార్పు నెమ్మదిగా జరిగిన ప్రాణి సహించును, ఒక్కసారిగా జరిగిన సహింపదు.

గాస్ గారి గృహజీవితము సుఖమయమని చెప్పజాలము. 1856లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించిన కొలదినెలలకే, 1857 ఫిబ్రవరిలో, ఎమిలీ రొమ్ముపుండుతో మరణించెను. ఆ సంవత్సరమే వారు భూగర్భశాస్త్రమును సృష్టివృత్తాంతముతో సమన్వయింప జూచి వ్రాసిన గ్రంథమును శాస్త్రజ్ఞులును భక్తులును గూడ నిరాకరించిరి. తల్లిలేని బాలునితో డెవను తీరమునకు మరలిపోయి, దుఃఖమును పనిలో ముంచి, బ్రిటిషు సముద్రపుష్పములను గూర్చిన గొప్ప గ్రంథమును 1860 నాటికి ముగించిరి. ఆ సంవత్సరమే ఎలిజా బ్రైట్‌వెన్‌ను వివాహమాడిరి.

అన్నిటికంటె వారిని బాధించినది వేరొకటి. వారి పుస్తకములను చదివిన వేలకొలది జనులు సుత్తులు, బుట్టలు పట్టుకొని తీరముపై బడిరి. యుగయుగములుగా నెవ్వరును తాకని రాతిమడుగులు కొన్నియేండ్లలో బోసిపోయెను. ప్రేమతో నేర్పిన విద్యయే ప్రేమించిన తీరమునకు కీడు దెచ్చెను. ఈ విషాదమును కుమారుడు ఎడ్మండ్ 1907లో ప్రకటించిన గ్రంథమున వర్ణించెను. గాస్ గారు 1888 ఆగస్టు 23వ తేదీన టార్కీచెంత సెయింట్ మేరీచర్చిలో పరమపదించిరి.

వారి జీవితమునుండి మన మేమి గ్రహింపవలెను? ప్రాణిని తీసికొనిపోవువాడు దాని లోకమునుగూడ తీసికొనిపోవలెను; అది చేతకానినాడు ప్రాణిని కదలింపరాదు. కృష్ణమ్మ తెచ్చు ఒండ్రుచేతను మంచినీటిచేతను మన తీరమున పగడపు దిబ్బలు లేవు. ఉన్నచోట వానిని తీయుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముక్రింద నేడు నేరము. కాని మంగినపూడి ఇసుకలో ఎండ్రకాయలును, హంసలదీవి మడచెట్ల వేళ్లనడుమ చిన్నచేపలును మనకు కలవు. విద్యార్థులు వానిని వంగి చూడవలెను, బొమ్మలు గీయవలెను, పేర్లు తెలిసికొనవలెను. పిమ్మట, ఎత్తిన గుల్లను ఎత్తినచోటనే, తడియారకముందే దింపి రావలెను.