సూది ముందుగాల తనకే పొడుచుకున్నడు

మొన్న దసరాకు మా చిన్నాయన కొడుకు ఊరికెల్లి వచ్చిండు. డిగ్రీ అయిపోయి ఏడాదాయె, కొల్వు లేదు. రాత్రి డాబా మీద పండుకున్నంక మెల్లగ అసలు సంగతి బయటవెట్టిండు. సోపతిగాండ్లతోని కలిసి స్టడీకి పోతడట. స్టడీ అంటె సదువు కాదు తమ్మీ. కంపెనీ తయారుచేసిన గోలీ మింగి, రెండు మూడు దినాలు ఆడనే ఉండి, గంట గంటకు నెత్తురిచ్చుడు. పైసలిస్తరు.

నన్నే ఎందుకు అడిగిండంటె, నేను కిష్టారెడ్డిపేటల కిరాయికుంట, పటాన్‌చెరు దిక్కు ఒక మందుల కంపెనీల ఆపరేటర్ గ చేస్త. ఇంకో కారణం గూడ ఉన్నది. కొన్నేండ్ల కింద నేను సుత ఒకపారి గట్ల పోయిన. ఇంగ్లీషుల ఉన్న కాయిదాల కట్ట ముంగట వెట్టి ఏడ సంతకం పెట్టుమంటె ఆడ పెట్టిన. ఒక్క ముక్క సదువలె. ఏమన్నయితె ఎవలకు ఫోన్ చెయ్యాల్నో అడగలె. నాకు ఏం కాలె. గది నా నసీబు, నా తెలివి కాదు.

పో అనో, వద్దనో చెప్పే ముందుగాల మావోనికి ఒక మనిషి కత చెప్పిన. మీకు గూడ గదే చెప్తున్న. ఆయన పేరు వాల్డెమార్ హాఫ్‌కిన్.

1860ల నల్లసముద్రం ఒడ్డుకున్న ఒడెస్సా పట్నంల యూదుల ఇంట్ల పుట్టిండు. గా ఊరు ఇప్పుడు ఉక్రెయిన్ ల ఉన్నది, గప్పుడు రష్యా జార్ చక్రవర్తి రాజ్యం. యూదులంటె ఎక్కడి వాళ్లో అనుకోకుండ్రి. మన తెలుగోళ్లల్ల గూడ గుంటూరు దిక్కు, చేబ్రోలు కాడి కొత్తరెడ్డిపాలెంల యూద ధర్మం పాటించే కుటుంబాలున్నయి. జార్ రాజ్యంల మాత్రం యూదులకు మస్తు గోస. 1881ల జార్ ను చంపినంక గుంపులు వాళ్ల వాడల మీద పడి కొట్టినయి, లూటీ చేసినయి. కాలేజీ పోరడు హాఫ్‌కిన్ వాడను కాపాడే దళంల నిలవడ్డడు. దెబ్బలు తిన్నడు, జైలుకు పోయిండు. ఆయన గురువు మెచ్నికోవ్ అడ్డంవడి సాక్ష్యం చెప్తె బయటికొచ్చిండు.

సదువుల మొనగాడు. అయినా ప్రొఫెసర్ కొల్వు కావాలంటె మతం మారాలన్నరు. మారితె బతుకు సాఫుగ సాగేది. మారలె. మ్యూజియంల చిన్న పని చేసుకుంట ఉన్నడు. 1888ల దేశం ఇడిచి జెనీవా పోయిండు, మరుసటేడు పారిస్ ల పాశ్చర్ సంస్థల చేరిండు. ఆడ గూడ మొదలు దొరికింది లైబ్రరీ పనే. పొద్దుందాక పుస్తకాలు సదురుడు, మిగిలిన టైంల ప్రయోగశాలల కూసునుడు.

గప్పుడు లోకాన్ని వణికిస్తున్న రోగం కలరా. మా నాయనమ్మ దాన్ని గత్తర అంటుండె. ఒక్క వారంల ఊర్లకు ఊర్లను ఊడ్చిపెట్టేది. సికింద్రాబాద్ బోనాల్ గూడ గత్తర భయంకెల్లే మొదలైనయని మన పెద్దలు చెప్తరు. హాఫ్‌కిన్ గా కలరాకు టీకా మందు తయారుచేసిండు. జంతువుల మీద పనిచేసింది. మనుషుల మీద సంగతేంది? ఎవల మీద ఏసి జూడాలె? బీదోని మీదనా, ఖైదీ మీదనా? 1892 జులై 18 నాడు ఆయన సూదిని తన ఒంట్లకే పొడుచుకున్నడు. జరమొచ్చింది, ఒళ్లు నొప్పులు. ఏ దినం ఎట్లున్నదో రాసుకున్నడు. లోకానికి చెప్పింది దానెన్క.

1893ల మన దేశమొచ్చిండు. ఊరూరు తిరిగిండు, వేల మందికి సూదులేసిండు. అయితె తెల్లదొర సూది వట్టుకొనొస్తె జనం నమ్ముతరా? కలకత్తా బస్తీలల్ల రాళ్లు రువ్విండ్రు. ఎంబడి ఉన్న బెంగాలీ డాక్టరు జనం ముంగట ముందుగాల తాను సూది ఏపించుకున్నడు. జనం గది జూసినంకనే ముంగటికొచ్చిండ్రు.

1896ల బొంబాయిల ప్లేగు పడ్డది. సర్కారు హాఫ్‌కిన్ ను పిలిచింది. గ్రాంట్ మెడికల్ కాలేజీల ఒక చిన్న రూము, దాని ముంగటి వసారా, ఒక క్లర్కు, ముగ్గురు ప్యూన్లు. గంతే ఆయనకిచ్చిన ల్యాబ్. మూడు నెలలు రాత్రింబగళ్లు కష్టపడ్డడు. 1897 జనవరి 10 నాడు ప్లేగు టీకా గూడ ముందు తనకే ఏసుకున్నడు, అది గూడ వేరే వాళ్లకు ఇయ్యాల్సిన దానికంటె ఎక్కువ డోసు. గా నెలల్నే బైకుల్లా జైలుల ముందుకొచ్చిన ఖైదీలకు ఏసిండు. ఈడ నేను ఒక మాట అనాలె. జైలుల ఉన్నోడు సరే అన్నా గది నిజంగ సరేనేనా? ఇయ్యాలటి లెక్కల జూస్తె గా పని మెచ్చుకునేది కాదు. పెద్దమనిషి కదా అని తప్పును దాస్తె కత కత గాదు, భజన అయితది.

ఇంకా కష్టం ముందున్నది. 1902 అక్టోబర్ 30 నాడు పంజాబ్ ల ముల్కోవాల్ అనే ఊర్లె 107 మందికి ప్లేగు టీకా ఏసిండ్రు. అండ్ల 19 మంది ధనుర్వాతంతోని సచ్చిపోయిండ్రు. గా 19 మందికీ మందు ఒక్క సీసాకెల్లే పోయింది. సర్కారు కమిటీ ఏసింది, తప్పు హాఫ్‌కిన్ ల్యాబ్ దే అన్నది. ఆయన కుర్సీ పోయింది. 1904ల దేశమే ఇడిచి పోవాల్సొచ్చింది. గా సీసా తెరిచిన కాడ ఏం జరిగిందో తర్వాత తెలిసింది. మూత తీసే పట్టకారు కిందవడ్డది, దాన్ని సక్కగ మరగబెట్టకుండనే మళ్ల వాడిండ్రు. కానీ నెపం మోపెతందుకు పరాయి దేశపోడు, యూదుడు తయారుగ దొరికిండు.

ఆయన దిక్కు గట్టిగ నిలవడ్డోళ్లల్ల మనకు ఎర్కైన మనిషొకడున్నడు. 1897 ఆగస్టు 20 నాడు సికింద్రాబాద్ ల దోమ కడుపుల మలేరియా గుట్టు పట్టిన రోనాల్డ్ రాస్. ఇంకొందరు సైంటిస్టులతోని కలిసి లండన్ పేపరుకు ఉత్తరం రాసి కొట్లాడిండు. 1907ల హాఫ్‌కిన్ తప్పు లేదని తేలింది. కలకత్తాకు మళ్లొచ్చిండు గని, మనుషుల మీద టీకా పరీక్షలు చేసే వీలు ఆయనకు మళ్ల ఇయ్యలె. కొన్నేండ్లకు రిటైర్ అయి ఐరోపా పోయిండు. పెండ్లి చేసుకోలె. 1916ల యూద ఆచారాలను ఎందుకు ఇడవొద్దో ఒక వ్యాసం రాసిండు. ఆస్తిని యూద ధర్మశాస్త్రం సదివే బడులకు రాసిచ్చిండు. 1930ల స్విట్జర్లాండ్ లోని లోజాన్ ల కన్నుమూసిండు. బొంబాయిల ఆయన పెట్టిన ల్యాబ్ కు 1925ల ఆయన పేరే పెట్టిండ్రు, ఇప్పటికీ ఉన్నది.

మరి గా ధర్మంల ఏమున్నది? నాకర్థమైనంత మటుకు చెప్తా. శనివారం యూదులకు సబ్బాతు. పని చెయ్యొద్దు, నిప్పు ముట్టియ్యొద్దు, మస్తు కట్టడి. కానీ ఒక పాణం ఆపదల ఉన్నదంటె గా కట్టడులన్ని పక్కకు జరుగుతయి. దీన్ని పికువాఖ్ నెఫెష్ అంటరు, పాణం కాపాడుడు అని అర్థం. ఇంకో నియమం ఉన్నది, అది నాకు ఇంకా దగ్గర. కొత్త ఇల్లు కడితె డాబాకు పిట్టగోడ కట్టాల్సిందే. ఎవలన్న జారిపడితె గా నెత్తురు ఇల్లుగలోని మీదనే. 12వ శతాబ్దంల పుట్టిన మైమోనిడీస్ అనే పండితుడు, ఆయన డాక్టరు గూడ, దీన్ని డాబాతోనే ఆపలె. పాణాపాయమున్న దేనికైనా, బాయికైనా, గుంతకైనా అడ్డు కట్టుడు ధర్మమే అన్నడు. హాఫ్‌కిన్ గీ నియమం సదివే సూది పొడుచుకున్నడని నేను అంటలేను. ఆయన సైంటిస్టు. కానీ ఆయన బతుకు జూస్తె నాకు గా పిట్టగోడనే యాదికొస్తది. ఆపద తెచ్చిపెట్టేటోడు ముందు గా ఆపద కాడ తాను నిలవడాలె.

ఇప్పుడు మన దిక్కు జూడుండ్రి. 2009ల ఖమ్మం జిల్లాల 14 వేల దాకా ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ఏసిండ్రు. మస్తు మంది ఆదివాసీ పిల్లలు, హాస్టళ్లల్ల సదివేటోళ్లు. టీకా చెడ్డదని నేను అంటలేను. కొందరు పిల్లల చావులకు టీకా కారణం కాదనే విచారణల చెప్పిండ్రు. కానీ అమ్మానాయనలు పెట్టాల్సిన సంతకాలు శానా కాడ హాస్టల్ వార్డెన్లు పెట్టిండ్రు. 2013ల పార్లమెంటు కమిటీ దీన్ని గట్టిగ తప్పువట్టింది. 2017ల కరీంనగర్ దిక్కు పోరగాండ్లు పైసల కోసం మందుల పరీక్షలకు పోయిన సంగతి పేపర్లన్నిట్ల వచ్చింది. మందు కావాలె, పరీక్ష గూడ కావాలె. పరీక్ష లేకుంటె మా కంపెనీ గోలీ మా అమ్మకు ఎట్ల ఇస్త? కానీ సూది ఎప్పుడూ బీదోని చెయ్యి దిక్కే ఎందుకు పోతది అన్నదే నా సవాలు.

అందుకే మావోనికి పో అనలె, వద్దు అనలె. అడగాల్సినయి చెప్పిన. కాయిదం నీకు సమజయ్యే భాషల ఇయ్యమను. సదివినంకనే సంతకం వెట్టు, కాపీ ఇంటికి తెచ్చుకో. నడుమల ఎప్పుడైనా బయటికొచ్చే హక్కు నీకున్నది. పరీక్షతోని దెబ్బ తగిలితె ఇలాజ్ ఖర్చు, నష్టపరిహారం వాళ్లే ఇయ్యాలె. ఇయన్ని 2019ల వచ్చిన కేంద్ర సర్కారు రూల్స్ ల ఉన్నయి, ఎవలో జేసే మెహర్బానీ కాదు. ఒకదాని ఎంబడి ఇంకోటి మింగుకుంట తిరగకు. గియ్యి అడిగితె మొకం మాడ్చుకునే కాడికి పోనే పోకు.

వాడు అన్ని విన్నడు. విని నన్నే ఒకటి అడిగిండు. అన్నా, మీ కంపెనీల పిట్టగోడ ఉన్నదా అని.

నోట మాట రాలె. 2025 జూన్ 30 నాడు పాశమైలారంల పేలుడు జరిగి 40 మందికి పైగా మా అసొంటి కూలోళ్లు పోయిండ్రు. గా పొగ యాదికొస్తె ఇప్పటికీ నిద్రవట్టది. అయినా నేను పనిచేసే కాడ ఒక వాల్వ్ కారుతున్నదని రెండు నెలలకెల్లి నాకు ఎర్క. కాంట్రాక్టు కొల్వు, నోరు తెరిస్తె పోతదని బుగులు. ఇంగ్లీషు కాయిదం మీద సంతకం వెట్టినప్పుడు ఉన్నదీ గదే బుగులు.

పండుగ పోయినంక షిఫ్టెక్కిన దినం సేఫ్టీ రిజిస్టర్ల వాల్వ్ నంబరు, తారీఖు ఏసి తెలుగుల రాసిన. సూపర్‌వైజర్ జూసి ఏం అనలె. కారుడు ఇంకా బందు కాలె. దినాం పోయి జూస్తున్న, దినాం రాస్తున్న. నా పక్క షిఫ్టు పిలగాడు నిన్నటికెల్లి గా మాట కింద తన సంతకం గూడ పెడుతున్నడు.